కొండలయ్య బీపీ తగ్గిన సంగతి

ఉదయగిరి
జూన్ 9

ప్రియమైన ఏంజెలిన్‌కు,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసి మోకాళ్లు పట్టేస్తున్నాయి అన్నావట. నాకు మేకలు పుట్టేస్తున్నాయి అని వినబడింది. ఎన్ని పిల్లలు పుట్టాయే అని అడిగాను. నువ్వు అవతల నవ్వుతున్నావని మా ఆయన చెబితేగాని నాకు తెలియలేదు. చెవుడు ఇంత దూరం వచ్చాక ఫోన్లు మనకెందుకు? ఇక్కడి హాస్టల్లో చదువుకున్నప్పుడు సెలవులొస్తే రాసుకునేవాళ్లం కదా, అలాగే ఉత్తరాలు రాసుకుందాం.

ఒక విశేషం. మా పక్కింటి మస్తాన్ తెలుసు కదా, కొయ్య గరిటెలు చెక్కుతాడు. చెక్కపొట్టుకు మూడు వారాలుగా దగ్గుతుంటే శొంఠి, మిరియాలు, తాటిబెల్లం కలిపి ఉండలు చేసి ఇచ్చాను. నాలుగు రోజుల్లో తగ్గింది. గరిటెలు అమ్ముకోవడానికి వీడియోలు తీసే ఆ ఫోనుతోనే నన్ను కూర్చోబెట్టి, ఆ ఉండలు ఎలా చేయాలో చెప్పించి లోకానికి వదిలాడు. అప్పటి నుంచి నేను ఖాళీగా లేను. అజీర్తికి వాము నీళ్లు, వేడి చేస్తే సబ్జాగింజలు, బెణికితే పసుపూ సున్నం పట్టు. మా అవ్వ చేసినవన్నీ ఒక్కొక్కటే జ్ఞాపకం వస్తున్నాయి. ముప్పైనాలుగేళ్లు బళ్లో గుణింతాలు చెప్పినప్పుడు ఇంత మంది నా మాట వినలేదు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. బస్టాండు దగ్గర వైద్య శిబిరం పెడితే పాత స్నేహితులతో సరదాగా పోయి బీపీ చూపించుకున్నాడు. నూట డెబ్బై, కింద వంద. డాక్టరు ఒక మాత్ర రాసి, జీవితాంతం వేసుకోమన్నాడట. ఆ జీవితాంతం అన్న మాట నాకు నచ్చలేదు. చీటీ మడిచి పటం వెనక పెట్టాను. పొద్దున్నే పరగడుపున మునగాకు కషాయం, నలభై రోజులు. ఉప్పు తగ్గించాను, ఊరగాయ బంద్ చేశాను.

నువ్వు ఆత్మకూరు ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సు పని చేసినదానివి, కోప్పడతావని తెలుసు. కోప్పడుతూనే రాయి. కాగితం మీదైతే నాకు స్పష్టంగా వినబడుతుంది.

నీ
వెంగమ్మ

ఆత్మకూరు
జూన్ 24

వెంగా,

స్పష్టంగా వినబడేట్టు పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఆ చీటీ పటం వెనక నుంచి తీసి ఈ రోజే మందుల షాపుకు పంపు.

దగ్గుకు శొంఠి ఇవ్వు, నేనూ తాగుతాను. కడుపుబ్బరానికి వాము ఇవ్వు. ఉప్పు తగ్గించావు, చాలా మంచి పని. కానీ బీపీ దగ్గు లాంటిది కాదు. దగ్గు వినబడుతుంది. బీపీ నీకూ వినబడదు, నాకూ వినబడదు, ఉన్న మనిషికీ వినబడదు. ఇంట్లో అందరూ బాగున్నారనుకున్న రోజున మనిషి మంచం మీద నుంచి లేవలేడు. మాట పడిపోయి, చెయ్యి పడిపోయి మా వార్డుకు వచ్చినవాళ్లను ఎంతమందిని తిప్పి పడుకోబెట్టానో నాకే లెక్క తెలియదు. వాళ్లలో సగం మంది ఏదో ఒక ఆకు తాగుతూ వచ్చినవాళ్లే.

ఇంకొకటి. నీ చెవులకు నువ్వే వైద్యం చేసుకుంటున్నావని నాకు అనుమానం. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసుకోవద్దు. డాక్టరుకు చూపించు. ఊరందరికీ చిట్కాలు చెప్పేదానివి, నీ చెవికి మాత్రం చిట్కా లేకపోయింది చూశావా.

నేను ఇంకా ఇక్కడి నర్సింగ్ హోంలో పగటి డ్యూటీకి పోతున్నాను. ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు మరీ పట్టేస్తాయి. మేకలు కాదు, మోకాళ్లు.

కొండలయ్యన్నను అడిగానని చెప్పు.

ఏంజెలిన్

ఉదయగిరి
ఆగస్టు 17

ప్రియమైన ఏంజెలిన్‌కు,

నీ పెద్ద అక్షరాలు అందాయి. కోపం తగ్గనిచ్చి జవాబు రాద్దామని ఆగాను. ఇప్పుడు కోపం మాట అటుంచి, ఈ అంకె చదువు. నూట ముప్పై, కింద ఎనభై. చూసింది నేను కాదు, ఇక్కడి ప్రభుత్వాసుపత్రి నర్సే. రెండుసార్లు చూసి, మునగాకు పని చేసినట్టుందే టీచరమ్మా అని తనే అన్నది.

మస్తాన్ ఊరుకుంటాడా? కషాయం ఎలా కాయాలో చెబుతూ నేను, నా పక్కన మా ఆయన, ఇద్దరం ఉన్న వీడియో తీశాడు. మా ఆయన నిలబడనని చాలాసేపు మొరాయించాడు. బస్సులో వంద మందిని అదిలించి టికెట్లు కొట్టిన మనిషికి కెమెరా ముందు ఇంత సిగ్గేమిటో. ఏమీ మాట్లాడొద్దు, ఊరికే నిలబడు, చాలన్నాను. నిలబడ్డాడు. దొంగతనం చేసి దొరికినవాడిలా ఉన్నాడని మస్తాన్ నవ్వాడు.

ఆ వీడియో ఎంతమంది చూశారో మస్తాన్ చెప్పాడు గానీ ఆ అంకె నా బుర్రకెక్కలేదు. మనుషులు మాత్రం కళ్లకు కనబడుతున్నారు. సీతారామపురం నుంచి, కలువాయి నుంచి, మొన్న జలదంకి నుంచి ఒక కుటుంబం ఆటో మాట్లాడుకుని వచ్చింది. మా వీధిలో మునగచెట్లన్నీ మోడులయ్యాయి. ఇక కొండ కింది తోటల మీద పడాలి.

మా ఆయన ఉషారుగా ఉన్నాడు. నెలకోసారి రిటైరైనవాళ్ల పాసు జేబులో పెట్టుకుని, డిపోలో పాత కండక్టర్లను పలకరించి వస్తానని మీ ఆత్మకూరు పోతున్నాడు. మీ ఇంటికి రమ్మంటే మొహమాట పడతాడు కాబోలు.

ఇప్పుడన్నా ఒక్క మాట మెచ్చుకో. నువ్వు మెచ్చుకుంటే ఆ లెక్కే వేరు.

వెంగమ్మ

ఆత్మకూరు
సెప్టెంబర్ 6

వెంగా,

కొండలయ్యన్న బీపీ తగ్గినందుకు చాలా సంతోషం. ఆయన ఇప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉండనివ్వు. చేస్తున్నది ఏదీ మార్చవద్దు.

వచ్చేవాళ్లు ఎవరన్నా డాక్టరు మాత్రలు వేసుకుంటూ ఉంటే, వాటిని మాన్పించవద్దు. ఇది ఒక్కటి నా కోసం చెయ్యి.

ఇక్కడ చర్చికి కొత్త రేకులు వేస్తున్నారు. ఆ చప్పుడుకు పాస్టరు ప్రసంగం సగం కూడా వినబడటం లేదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నా మోకాళ్లకు నూనె రాస్తున్నాను, గుణం లేదు. మీ అవ్వ ఏదో ఆకు కాపడం పెట్టేది కదా. ఏ ఆకు అది?

ఏంజెలిన్

ఉదయగిరి
అక్టోబర్ 4

ప్రియమైన ఏంజెలిన్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పొగిడినట్టూ ఉంది, పొగడనట్టూ ఉంది. ఒక్క తిట్టు లేదు. ఒంట్లో బాగాలేదా అని కంగారుపడ్డాను. చివర్లో ఆకు పేరు అడిగావు చూడు, అప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్ల నర్సు నన్ను మందు అడిగింది.

అది వావిలాకు. మా ఆయనతో ఒక సంచి పంపుతున్నాను. ఈసారి డిపో దగ్గరే ఆగిపోకుండా మీ ఇంటికి వచ్చి ఇచ్చి రమ్మని గట్టిగా చెప్పాను. పెనం మీద వెచ్చచేసి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టుకో. చర్మం కాలనివ్వకు.

నిన్న సీతారామపురం దగ్గరి పల్లె నుంచి పెంచలయ్య అని ఒకాయన వచ్చాడు. గొర్రెలు మేపుతాడు. యాభై ఏళ్లు దాటాయి గానీ, మనిషి బండరాయిలా ఉన్నాడు. వెంట భార్య కామమ్మ. ఏడాదిగా బీపీ మాత్రలు మింగుతున్నాడట. అవి పిడికిట్లో పెట్టుకుని వచ్చాడు. గొర్రెల వెంట కొండకు పోయేవాడికి వారం వారం మాత్రల కోసం బస్సు ఎక్కి రావడం కుదరడం లేదని, మీ ఆయనను ఫోన్లో చూసి వచ్చామని చెప్పాడు. మా ఆయన అప్పుడు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. పెంచలయ్య ఆయనను పైనుంచి కిందిదాకా చూసి దండం పెట్టాడు. మా ఆయన లేచి లోపలికి పోయాడు.

కషాయం ఎలా కాయాలో కామమ్మకు చూపించాను. చెప్పవలసింది చెప్పి పంపాను.

కాపడం గుణమిస్తే రాయి.

వెంగమ్మ

ఆత్మకూరు
నవంబర్ 19

వెంగా,

ఈ ఉత్తరం నువ్వు కూర్చుని చదువు. కొండలయ్యన్న పక్కన ఉంటే ఆయననూ ఉండమను.

మొన్న సోమవారం మధ్యాహ్నం మా నర్సింగ్ హోంకు ఒక మనిషిని ఆటోలో తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు పోయింది. మాట లేదు. గొర్రెలు మేపే మనిషి. పేరు అడిగితే భార్య చెప్పింది, పెంచలయ్య అని. బీపీ రెండు వందల పది. మా డాక్టరు చూసి, వెంటనే నెల్లూరుకు పంపించాడు. ప్రాణానికి ప్రమాదం లేదని నిన్న తెలిసింది. చెయ్యి ఎంత వరకు తిరిగొస్తుందో చెప్పలేరు.

అంబులెన్సు వచ్చేలోపల మాత్రలు ఎప్పటి నుంచి మానేశాడని ఆమెను అడిగాను.

“టీచరమ్మ కాడికి పోయొచ్చినప్పట్నించి మానేసినాడమ్మా. వాళ్లాయనకే తగ్గించింది గదా. ఫోన్లో సూసినాం, పక్కనే నిలబడుండాడు” అని చెప్పింది. నీ మీద కోపంతో చెప్పలేదు. వాళ్లు ఎంత జాగ్రత్తగా కనుక్కుని చేశారో నాకు తెలియాలని చెప్పింది. చేతిసంచిలో ఎండబెట్టిన మునగాకు పొట్లం ఉంది.

ఇక నేను చెప్పాల్సినది. జూలై మొదటి వారంలో కొండలయ్యన్న నా దగ్గరికి వచ్చాడు. నేను నీకు రాసిన కోపపు ఉత్తరం ఆయన చదివాడట. వార్డులో మనుషులను తిప్పి పడుకోబెట్టిన సంగతి చదివి భయపడ్డాడు. మా డాక్టరుకు చూపించాను. రోజుకొక మాత్ర. అప్పటి నుంచి నెలనెలా వచ్చి బీపీ చూపించుకుని, మాత్రలు తీసుకుని పోతున్నాడు. డిపోలో పాత కండక్టర్లు ఎవరూ లేరు వెంగా. అందరూ రిటైరయ్యారు.

మొదటి రోజే ఆయన నా చేత మాట తీసుకున్నాడు. “కషాయమూ తాగుతుండా, మాత్రా మింగుతుండా సిస్టరమ్మా. దేనికి తగ్గితే ఏంది? ఆమె ఇన్నాళ్లకి సంతోషంగా ఉండాది. చెప్పబాకు” అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఆయన వైపు నుంచి చూస్తే అది మంచి పనే అనిపించింది. నువ్వు వీడియో సంగతి ఆగస్టులో రాశావు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా, మోకాళ్లకు ఆకు అడిగాను. నీ దృష్టి మళ్లించడానికే అడిగాను.

నువ్వు తెలియక చేశావు. నేను తెలిసి ఊరుకున్నాను. ఈ పాపం ఎక్కువ నాదే.

ఏంజెలిన్

ఉదయగిరి
నవంబర్ 27

ఏంజెలిన్,

నువ్వు మోయాల్సిన పాపం అంత లేదు. నాకు ముందే తెలుసు.

ఆగస్టులో, నర్సు బీపీ చూసిన మర్నాడు, ఇల్లు దులుపుతూ కొక్కానికి వేలాడుతున్న ఆయన పాత టికెట్ల సంచి దించాను. ఆయన రిటైరయ్యాక దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. లోపల మాత్రల అట్ట ఉంది. సగం ఖాళీ అయింది. పేరు చదివాను. పటం వెనక చీటీ తీసి పోల్చుకున్నాను. అదే మాత్ర. అట్టను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాను. మస్తాన్ వీడియో తీసింది ఆ తర్వాత రెండు రోజులకు.

ఎందుకు ఊరుకున్నావని అడుగుతావు. రాయడానికి మూడు కాగితాలు చించాను. నాకు చెవులు తగ్గినప్పటి నుంచి మనుషులు నాతో మాట్లాడటం మానేశారు. పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, నా తల మీదుగా వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. నాకేదన్నా చెప్పాలంటే మా ఆయనకు చెబుతారు. మందు కోసం వచ్చినవాళ్లు అలా కాదు. నా ఎదురుగా కూర్చుంటారు. నా మొహంలోకి చూసి, గట్టిగా, నిదానంగా చెబుతారు. నాకు అర్థమయిందో లేదో అని మళ్లీ చెబుతారు. ప్రతి మాటా వినబడుతుంది. దాన్ని పోగొట్టుకోలేకపోయాను.

పెంచలయ్యకు చెప్పవలసింది చెప్పి పంపానని నీకు రాశాను. ఏం చెప్పానో రాయలేదు. అతను పిడికిలి విప్పి, “ఇవి మానేయొచ్చా టీచరమ్మా?” అని అడిగాడు. వద్దు అనాలని నోటిదాకా వచ్చింది. అంటే, మరి మీ ఆయన మింగడం లేదు కదా అంటాడు. అప్పుడు ఏం చెప్పను? “నీ ఇష్టం నాయనా” అన్నాను. ముప్పైనాలుగేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లకూ ఆ జవాబు చెప్పలేదు.

నీ ఉత్తరం ఆయనకూ ఇచ్చాను. చదివి మడిచి నాకిచ్చాడు. తర్వాత ఆ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

వెంగమ్మ

ఆత్మకూరు
డిసెంబర్ 8

వెంగా,

నిన్ను ఓదార్చాలని మొదలుపెట్టి మానుకున్నాను. ఓదార్చడం నాకు బాగా వచ్చు, జీతం తీసుకుని చేసిన పని. నీకు ఇప్పుడు అది వద్దు.

పెంచలయ్యను ఇంటికి పంపారు. మాట కొంచెం వస్తోంది, ముద్దగా. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేస్తున్నాడు. చెయ్యి ఇంకా లేవడం లేదు. గొర్రెలను బావమరిది మేపుతున్నాడు. నాకు ఇవన్నీ కామమ్మ చెప్పింది. మాత్రల కోసం వచ్చింది.

నీ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. చెప్పేది నేను కాదు. నువ్వు సీతారామపురం పోవాలి. మీ ఆయనను తీసుకుని పో. ఆయన చేతిలో ఆ మాత్రల అట్ట ఉండాలి. వచ్చాక ఆ మస్తాన్‌ను పిలిచి, ఎక్కడ కూర్చుని ఆ మాట చెప్పావో అక్కడే కూర్చుని ఈ మాట కూడా చెప్పు.

ఆ తర్వాత నాకు రాయి. అంతవరకు నేను రాయను.

ఏంజెలిన్

ఉదయగిరి
జనవరి 21

ప్రియమైన ఏంజెలిన్‌కు,

పోయి వచ్చాం. ఆ పల్లెకు ఉన్నది ఒకే బస్సు. మా ఆయన దారిపొడవునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పెంచలయ్య వసారాలో మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. మా ఆయన మాత్రల సంగతి, నా కషాయం ఉత్త నీళ్లేనన్న సంగతి, నేను నిలబడే అంతా చెప్పాను. మాత్రల అట్ట మా ఆయన కామమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తమ మాత్రల అట్ట తెచ్చి పక్కన పెట్టి చూసింది. అరిస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. నా దగ్గరగా వచ్చి, నాకు వినబడాలని మొహంలో మొహం పెట్టి, నిదానంగా అన్నది. “మీరు వద్దని ఒక్క మాట అనుంటే ఈయన ఇనేవోడమ్మా.”

ఇన్ని నెలల్లో అంత స్పష్టంగా వినబడిన మాట ఇంకొకటి లేదు.

మేము బయల్దేరుతుంటే పెంచలయ్య ఎడమ చెయ్యి ఊపి భార్యకు ఏదో చెప్పాడు. ఆమె లోపలికి పోయి ఇద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగలేక తాగాను.

వచ్చిన మర్నాడే మస్తాన్‌ను పిలిచాను. వద్దు టీచరమ్మా, మన పేరు పోతాదన్నాడు. పోవడానికే పిలిచానన్నాను. నా పక్కన మా ఆయన మాత్రల అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి సిగ్గుపడలేదు. మునగాకు ఆకుకూరే, కూర వండుకోండి, బీపీకి డాక్టరు చెప్పిన మాత్రే మింగండి, మా ఆయనకు తగ్గింది దీనితోనే, నేను తెలిసీ దాచాను అని చెప్పాను.

ఏమైందో ఊహించగలవా? జనం ఇదివరకటి కంటే ఎక్కువ వస్తున్నారు. డాక్టర్లు నన్ను బెదిరించి అలా చెప్పించారని కొందరు. అసలు కషాయం పెద్దవాళ్ల కోసం దాచుకుని పేదవాళ్లకు లేదంటోందని కొందరు. కలువాయి నుంచి వచ్చిన ఒకామె నా చెయ్యి పట్టుకుని, “మాకు అర్థమయిందిలే టీచరమ్మా, నీకెంత కష్టమొచ్చిందో, మాకు మాత్రం ఇయ్యి” అని గుసగుసగా అన్నదట. గుసగుస కాబట్టి మా ఆయన చెప్పాల్సి వచ్చింది.

పది రోజులు తలుపు మూసుకున్నాను. అప్పుడు వాళ్లంతా పక్క మండలంలో ఎవరో ఇచ్చే నల్లటి పొడి కోసం పోవడం మొదలుపెట్టారు. అందులో ఏముందో ఇచ్చేవాడికి కూడా తెలుసో లేదో. నేనేం చేయాలో చెప్పు.

వెంగమ్మ

ఆత్మకూరు
ఫిబ్రవరి 2

వెంగా,

నాకు తెలియదు. నర్సింగ్ పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

తలుపు మాత్రం తియ్యి. ఆ నల్లపొడి కంటే నీ వాకిలి మంచిది. బీపీ అని వచ్చినవాళ్లకు మునగాకు ఇవ్వకు. చేతులూరుకోకపోతే ఇంత జీలకర్ర వేసి నీళ్లు కాచి ఇవ్వు. మంచీ చేయదు, చెడూ చేయదు.

ఏంజెలిన్

ఉదయగిరి
మార్చి 3

ప్రియమైన ఏంజెలిన్‌కు,

తలుపు తీశాను. జీలకర్ర నీళ్లే ఇస్తున్నాను. దానికి ఒక నియమం పెట్టాను. చదివి కోప్పడు.

వచ్చినవాళ్లు ముందు ఆసుపత్రి చీటీ, మాత్రల అట్ట చూపించాలి. లేనివాళ్లను మా ఆయన వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతాడు. మాత్ర మింగిన గంట తర్వాత ఈ నీళ్లు తాగాలి. మాత్ర మింగకుండా తాగితే కషాయం ఎదురు తిరుగుతుందని చెబుతున్నాను. నిజం చెబితే నమ్మనివాళ్లు దీన్ని వెంటనే నమ్మారు. ఒకాయన ఒక పూట మాత్ర మరిచిపోయి కషాయం తాగి, భయపడి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మా ఆయన ఆయనకు ఒక మాత్ర మింగించి, ఇక ఫర్వాలేదన్నాడు.

ఆసుపత్రి నర్సు కనబడి, మీ దయవల్ల మాత్రల కోసం వచ్చేవాళ్లు రెండింతలయ్యారు టీచరమ్మా అన్నది. మెచ్చుకుందో ఏమో అర్థం కాలేదు. మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. మెచ్చుకుందట.

ఏంజెలీ, నేను మళ్లీ అబద్ధమే చెబుతున్నాను. ఈసారి నీకు చెప్పి చెబుతున్నాను, అంతే తేడా.

చెవి డాక్టరుకు చూపించాను. మిషన్ పెట్టుకోమన్నాడు. జీవితాంతం అన్నాడు. సరేనన్నాను.

వెంగమ్మ

ఆత్మకూరు
మార్చి 15

వెంగా,

ముప్పై ఏళ్లు రోగులకు నిజం చెప్పి, బతిమాలి, బెదిరించి కూడా మాత్రలు మింగించలేకపోయాను. నువ్వు చెంచాడు జీలకర్రతో చేశావు. మెచ్చుకోవాలో, మండిపడాలో తేల్చుకోలేక వారం రోజులు ఈ కాగితం ముందు కూర్చున్నాను. మా డాక్టరుకు చెబితే ఆయన నవ్వి, ఆ జీలకర్ర నీళ్లు మనమూ పెడదామా సిస్టర్ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నిన్న కామమ్మ వచ్చింది. పెంచలయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లోకి పోతున్నాడట. కుడి చేతి వేళ్లు కొద్దిగా ముడుస్తున్నాడట. నెలకు సరిపడా మాత్రలు తీసుకుంది. ఏ రోజూ తప్పలేదని ఖాళీ అట్టలు తెచ్చి నాకు చూపించింది.

ఊరంతా తాగుతోంది కదా, వీళ్లూ తాగుతున్నారేమోనని అడిగాను, టీచరమ్మ కషాయం కూడా ఇస్తున్నావా అని.

ఆమె నా వైపు వింతగా చూసింది. “ఎందుకమ్మా? అది ఉత్త నీళ్లేనని ఆ టీచరమ్మే మాయింటికొచ్చి చెప్పింది గదా” అన్నది. మాత్రలు కొంగున ముడేసుకుని, బస్సు టైమయిందని వెళ్లిపోయింది.

ఏంజెలిన్